వెనక నుంచి పిలిచిన అసిరమ్మ

ఏ రాజు ఏలిన కాలమో ఎవరూ ఎరుగరు. పెద్దలు చెప్పగా పిన్నలు విన్నది, విన్నవారు మరువక చెప్పుకుంటున్నది ఈ కథ.

ఒకానొక పట్టణంలో మూడు వీధులు కలిసే కూడలి ఉండేది. ఒకటి మగ్గాల వీధి, ఒకటి అంగళ్ల వీధి, ఒకటి గానుగల వీధి. ఆ కూడలి మూలనున్న పాకలో అసిరమ్మ అనే ముదుసలి, తల్లీతండ్రీ లేని మనుమరాలు పైడితో కాలం గడిపేది. చీపుళ్లు కట్టి అమ్ముకోవడమే ఆమె జీవనాధారం.

పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే దిష్టి తీసి, ఆ ఉప్పూ మిరపకాయలూ మూడు దారుల కూడలిలో పారవేయడం ఆ ఊరి ఆచారం. పారవేసినవారు వెనక్కి తిరిగి చూడరాదు. చూస్తే దిష్టి వెంట వస్తుంది. పారవేసినదాన్ని ఎవరూ ముట్టరాదు. ముడితే అంటుకుంటుంది.

ముట్టేవారు లేని చోట ఏది వేసినా అడిగేవారుండరు కదా! మిరపకాయల మీద ఎంగిలి విస్తళ్లు పడ్డాయి. విస్తళ్ల మీద కుళ్లిన కూరలు పడ్డాయి. కూరల మీద చచ్చిన ఎలుకలు పడ్డాయి. వేసేవారు వేశారు, వెనక్కి చూడక వెళ్లారు.

ఈగలు ముసిరాయి. ఇంటింటా వాంతులు, విరేచనాలు, జ్వరాలు. జ్వరం వచ్చినకొద్దీ దిష్టి తీశారు. దిష్టి తీసినకొద్దీ కుప్ప పెరిగింది. కుప్ప పెరిగినకొద్దీ జ్వరం వచ్చింది.

అసిరమ్మ ఊడ్చింది. తెల్లవారేసరికి మళ్లీ కుప్ప. మళ్లీ ఊడ్చింది. మళ్లీ కుప్ప. ఆమె నడుము వంగింది గాని కుప్ప తరగలేదు. దిష్టి ముట్టిన చేతులంటూ ఆమె చీపుళ్లు కొనడం కూడా మానేశారు.

చివరకు పైడి మంచం పట్టింది. తాగిన నీళ్లు కడుపులో నిలవడం లేదు.

"మామ్మా, నాకూ దిష్టి తియ్యవే," అంది పిల్ల నీరసంగా.

"తీసి ఎక్కడ పారెయ్యమంటావే నా తల్లీ? ఊరి దిష్టంతా మన గుమ్మంలోనే ఉంది గదా!"

అంతలో వాన పట్టుకుంది. గుమ్మంలో కూర్చున్న అసిరమ్మ కళ్లు ఆ నీటి వెంట నడిచాయి. కుప్పలోంచి కారిన నల్లని నీరు వీధి దిగి, పగిలిన గట్టు దాటి, మూడు వీధులవారూ తాగే బావిలోకి జారుతోంది. పైడికి తాను తాగించినవీ ఆ బావి నీళ్లే.

అప్పుడే మగ్గాల వీధి గురవయ్య బుట్టెడు చెత్త కుమ్మరించి మళ్లాడు.

"గురవయ్య బాబూ, ఒక్కసారి వెనక్కి చూడు!"

"వెనకనించి పిలుస్తావేటే ముసిలీ? పని మీద ఎల్తన్నాను!"

"బుట్ట బోర్లించడమేనేటి బాబూ నీ పని?"

గురవయ్య తిట్టుకుంటూ పోయాడు. వెనక్కి చూడలేదు.

తరువాత అంగళ్ల వీధి భద్రయ్య శెట్టి వచ్చి, దిష్టి పారవేసి మళ్లాడు.

"శెట్టిగారూ, ఒక్కసారి వెనక్కి చూడండి!"

"నా దిష్టి నాకే అంటగడతావా? నీ పాక పీకించేస్తాను!"

శెట్టీ వెనక్కి చూడలేదు.

ఆ తరువాత గానుగల వీధి సూరాయమ్మ, బిడ్డకు దిష్టి తీసి, కొంగు కప్పుకుని వచ్చి, మిరపకాయలు పారవేసి మళ్లింది.

"సూరాయమ్మా! నీ బిడ్డ మీద ఆన. ఒక్కసారి వెనక్కి చూడు తల్లీ!"

బిడ్డ మీద ఆన పెడితే ఏ తల్లి కాలు కదులుతుంది? సూరాయమ్మ నిలిచింది. తిరిగి చూసింది. తాను అప్పుడే వేసిన మిరపకాయలు వాననీటిలో తేలుతూ, ఊగుతూ, ఒకదాని వెంట ఒకటి బావిలోకి దిగుతున్నాయి.

"ఓలమ్మో! ఇందాకే నా బిడ్డకి ఆ నీళ్లే పట్టానే!"

ఆ కేకకు మూడు వీధులూ కదిలివచ్చాయి. ఆనాడు అందరూ వెనక్కి చూశారు. కుప్పను బండ్లకెత్తి ఊరవతల గోతిలో పూడ్చారు. బావి తోడి, గట్టు కట్టారు. అంతవరకూ చెరువు నీళ్లు కాచి తాగారు. సూరాయమ్మ బిడ్డ లేచాడు. పైడి లేచింది. ఇన్నాళ్లూ ఆ కుళ్లును చేతులతో ఎత్తిన అసిరమ్మ మాత్రం అదే రోగాన పడి లేవలేదు.

"అలిసిపోయానమ్మా. ఇంక మీరు చూసుకోండి," అన్నదట, పోయేముందు.

అంతటితో కుప్పలు పుట్టడం ఆగిందా? ఆగలేదు. నేటికీ ఎవరో ఒకరు ఆ మూలన మూట విడిచి, గబగబా నడిచిపోతుంటారు. అయితే, చూసినవారెవరైనా సరే, వెనక నుంచి ఆమె పేరు చెప్పి పిలుస్తారు: "అసిరమ్మ పిలుస్తోంది, ఒక్కసారి వెనక్కి చూడు!" మరెక్కడ వెనక నుంచి పిలిచినా మండిపడే ఆ ఊరివాళ్లు, ఆ కూడలిలో మాత్రం మండిపడరు. ఆగుతారు. తిరిగి చూస్తారు. వంగి, తమ మూట తాము ఎత్తుకుంటారు.