దివాణం తూము

దివాను భుజంగరాయుడికి ఏమీ అంతుపట్టడం లేదు. రోజూలాగే తలకు గిద్దెడు నూనె, ఒంటికి సోలెడు సున్నిపిండి పట్టించుకుని స్నానం చేస్తుంటే, నీళ్లు తూములోకి పోకుండా మడమలు మునిగేలా నిలిచిపోతున్నాయి.

"పక్కనున్న కుమ్మరి పోలమ్మ ఇంటి దోషమిది. ఆ ఇల్లు పడగొట్టించండి," అన్నాడు వాస్తు సిద్ధాంతి.

పోలమ్మ పరుగున వచ్చింది. "అట్టాగే దొరా! పడగొట్టే ముందు ఒక్క నెల మీరు మా దొడ్లో తానం చెయ్యండి, నేను మీ తానాల గదిలో చేస్తా. దోషం ఎక్కడుందో తేలిపోద్ది."

దోషమున్న ఇంట్లో స్నానమేమిటో అర్థంకాకపోయినా దివాను సరేనన్నాడు. పోలమ్మ దివాణం తూములో వెదురుబద్ద పెట్టి కెలికి, ఏదో తీసి తట్టలో వేసుకుపోయింది.

నెల తిరిగేసరికి దివాణంలో నీళ్లు గడగడా పోతున్నాయి. పోలమ్మ దొడ్లో మడుగు కట్టాయి.

దివాను బుర్ర గోక్కున్నాడు. "దోషం ఇటెలా వచ్చిందే?"

పోలమ్మ తన తూములోంచి నూనె, సున్నిపిండి పట్టిన జుట్టు ఉండను లాగి ఆయన ముందు పెట్టింది.

"మీతోపాటే నడిచొచ్చింది దొరా! ఇప్పుడు ఎవర్ని పడగొట్టమంటారు?"