బాలింత ఇంటికి కాకి చెప్పకుండా ఎందుకొస్తుంది?

ఒకప్పుడు కాకి ఇప్పట్లా గోడలమీద ఊరికే తిరిగేది కాదు. దానికి చందమామ దగ్గర ఉద్యోగం. నెలకోసారి ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళని రెక్క కొసతో ఇలా తాకి రావడమే పని. అది తాకిందా, వాళ్ళకి నెలసరి వచ్చేది. ఇప్పటికీ పిల్లలడిగితే "అమ్మకి కాకి తగిలిందిరా" అంటారు చూడండి, ఊరికే అంటారా మరి!

మహా నిక్కచ్చి మనిషి ఆ కాకి. అదేలెండి, నిక్కచ్చి పక్షి. ముందు వాకిట్లో నిలబడి మూడుసార్లు "కావ్ కావ్ కావ్" అని కబురు చెప్పేది. ఆ తర్వాతే లోపలికి. కడుపుతో ఉన్నవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళేది కాదు, చందమామ వద్దన్నాడు. కానీ బిడ్డ పుట్టిందా, ఇరవై ఒకటో రోజుకల్లా హాజరు!

ఏటిగట్టున ఒక ఊళ్ళో నూకరత్నం అనే అమ్మాయి తొలికాన్పుకి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కంది. పిల్ల పిడికెడంత, దాని ఆకలి మాత్రం ఏనుగంత. పొద్దస్తమానం పాలే పాలు! తల్లి సత్తెమ్మ కూతురికి బాలింతలకి బలమిచ్చే కాయం ముద్దలు పెట్టడమే తడవు, అవి పాలై పిల్ల నోట్లోకి పోయేవి. పాపం నూకరత్నం లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి.

బారసాలనాడు పిల్లని ఉయ్యాల్లో వేస్తున్నారు. వాకిట్లో "కావ్ కావ్ కావ్".

"అమ్మ బాబోయ్, అప్పుడేనా!" నూకరత్నం పిల్లని ఎత్తుకుని వాకిట్లోకొచ్చింది. "కాకి పిన్నీ, నీకు పుణ్యముంటుంది, వెళ్ళిపోవే. ఒంట్లో ఉన్న సత్తువ దీని పాలకే చాలట్లేదు. నువ్వు కూడా తాకావంటే నేను లేవలేను, దీనికి పాలుండవు."

"నాదేముందే అమ్మాయ్? పై నుంచొచ్చిన ఉత్తర్వు," అంది కాకి ముక్కు గోడకి రాసుకుంటూ. "అదిగో ఉన్నాడు, నువ్వే అడుగు."

పొద్దుటిపూట చందమామ వెలిసిపోయిన అప్పడంలా చింతచెట్టు మీద వేలాడుతూ కునుకుతున్నాడు. నూకరత్నం పిల్లని పైకెత్తి చూపించింది. పిల్ల ఒక్కసారి కేరుమంది. చెట్టుమీది చింతకాయలు నాలుగు రాలాయి.

"అబ్బబ్బ, దాని నోరు మూయించండర్రా! ఏం కావాలి?" అన్నాడు చందమామ చెవులు మూసుకుని.

"ఇది పాలు తాగినన్నాళ్ళూ పిన్నిని రావద్దని చెప్పండి."

"సరే సరే, పాలిచ్చే ఏ తల్లి దగ్గరికీ రాదు!"

"బాగానే ఉంది," అంది కాకి. "తాగుతోందో లేదో నాకెలా తెలుస్తుంది? తొంగి చూస్తే చీపురు విసురుతారు."

"చెవులున్నాయిగా! చప్పరింపు వినిపిస్తే వెనక్కొచ్చెయ్," అని మబ్బు కప్పుకుని పడుకున్నాడు చందమామ.

ఇంక చూడండి. కాకి నెలనెలా వచ్చి, కావ్ మని, గుమ్మానికి చెవి ఆనించేది. లోపల చప్ చప్ గుటుక్. "ఊఁ, తాగుతోంది" అనుకుని వెళ్ళిపోయేది. నూకరత్నం బుగ్గలు తేరాయి. పిల్ల గుమ్మడికాయలా గుండ్రంగా తయారైంది.

అన్నప్రాశన అయింది. పిల్ల పప్పన్నానికి మరిగింది. పాలు పొద్దున కాసిని, పడుకోబోయే ముందు కాసిని, అంతే. అప్పుడొచ్చింది కాకి. కావ్ మంది. లోపల చడీచప్పుడు లేదు!

మూలన నూకరత్నం తండ్రి వీర్రాజు రసం మామిడిపండు పట్టుకుని కూర్చున్నాడు. నోట్లో ఒక్క పన్నుంటే ఒట్టు.

"నాన్నా, జుర్రు! గట్టిగా జుర్రు!"

జుర్ర్ర్ర్!

"ఓహో, పిల్ల ఏం పుంజుకుందీ!" అనుకుని కాకి వెళ్ళిపోయింది.

ఇంక అదే అలవాటైపోయింది. కావ్ మంటే చాలు, తాతగారు జుర్రడమే. మామిడిపళ్ళు అయిపోయాక చారు. పిల్లని పక్కింటివాళ్ళు ఎత్తుకెళ్ళి ఆడిస్తున్నా సరే, ఇంట్లో జుర్రుళ్ళు ఆగలేదు.

ఒకనాడు కాకి గుమ్మానికి చెవి ఆనించింది. జుర్ర్ర్ర్. తర్వాత బ్రేవ్ మని తేన్పు. ఆ తర్వాత బొంగురు గొంతు, "అమ్మాయ్, ఉప్పు తగ్గిందే!"

కాకి ఆలోచించింది. "పాలలో ఉప్పేమిటి?"

ఒక్క ఉదుటున లోపలికి దూకి చూస్తే ఏముంది! గిన్నె పట్టుకుని బోసినోటి తాతగారు.

"నన్నే వెర్రిదాన్ని చేస్తారా! ఉండండి, చందమామకి చెప్పి ఈ సెలవే తీయిస్తాను. ఏ బాలింతకీ ఇక మినహాయింపు లేదు. ఇరవై ఒకటో రోజుకి దిగిపోతాను!"

నూకరత్నానికి ఆ కళ్ళు తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. పక్కింటి కోడలు నిన్నగాక మొన్నే కంది. నూకరత్నం చటుక్కున చెయ్యి చాపింది. "తప్పు నాది పిన్నీ. నాకిప్పుడు సత్తువుంది, ఇదిగో తాకు. బాలింతల సెలవు మాత్రం తియ్యకు. వాళ్ళేం చేశారు నిన్ను?"

కాకి రెక్క ఎత్తింది. అంతలో పిల్ల దేక్కుంటూ వచ్చింది. గుప్పెట్లో పప్పన్నం, వెనకాల నేలంతా మెతుకులు. ఆ గుప్పెడు తెచ్చి కాకి ముక్కులో కుక్కింది.

కాకి నమిలింది. "నెయ్యి వేశావా?"

"వేశాను పిన్నీ."

"ఊఁ." ఇంకో మెతుకు ఏరింది. ఇంకోటి. కోపం సగం అక్కడే దిగింది. "సరేలే, వినవే అమ్మాయ్. ఈ చెవుల కొలువు నాకొద్దు. ఒట్టి పాలు తాగే పిల్ల దగ్గర ఒక్క మెతుకు రాలదు, నాకేం పని? పిల్ల అన్నం చల్లడం మొదలెట్టాక వస్తాను. ఏరుకుంటూ ఏరుకుంటూ తల్లిని తాకి పోతాను. కానీ కావ్ మని చెప్పను గాక చెప్పను. చెబితే మీరు మెతుకులన్నీ ఊడ్చేస్తారు, మీ సంగతి నాకు తెలీదూ!"

అని, నూకరత్నాన్ని రెక్కతో మెత్తగా తాకి, తాతగారి చారు ఒక గుక్క రుచి చూసి మరీ ఎగిరిపోయింది. ఉప్పు నిజంగానే తగ్గిందట.

అప్పటినుంచే, పాలిచ్చే తల్లికి నెలసరి కొన్నాళ్ళు ఆగిపోతుంది. ఒకరింట్లో పిల్ల ఆరో నెలకే అన్నం చల్లుతుంది, ఒకరింట్లో ఏడాదిన్నరైనా చల్లదు. ఇంకొకరింట్లో పైపిల్లలు చల్లిన మెతుకులు చూసి కాకి పొరపడి రెండో నెలకే దిగుతుంది. పైగా మెతుకుల ధ్యాసలో రోజులు మరిచిపోయి, మొదట్లో ముందూ వెనకా అవుతుంది. అందుకే అది ఎప్పుడొస్తుందో ఏ అమ్మమ్మా చెప్పలేదు. వాకిట్లో కాకి కావ్ మంటే వచ్చేది చుట్టాలే. తల్లిని తాకడానికొచ్చేటప్పుడు మాత్రం అది నోరు మూసుకుని వస్తుంది.