వేపాకు ముద్ర

కాళ్ళు కప్పుకో. అటూ ఇటూ దొర్లావంటే చెప్పను. ఇది నవ్వే కథ కాదు, ముందే చెబుతున్నా. ఏడిచావంటే మీ అమ్మ నన్ను తిడుతుంది.

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో, సుత్తి దెబ్బలతోనే తెల్లవారే ఊళ్ళో, నరసాచారి అనే కమ్మరి ఉండేవాడు. కొడవళ్ళూ చేసేవాడు గానీ, ఆయన పేరంతా కత్తుల్లోనే. ప్రతి కత్తికీ పిడి దగ్గర చిన్న వేపాకు ముద్ర కొట్టేవాడు. వేపాకు ఉందంటే జనం బేరమాడకుండా కొనేవాళ్ళు.

ఆ ఊరికి ఓబులమ్మ అనే ఆవిడ వచ్చింది. మొగుడు పోయాడు, పొలం లేదు. కొలిమి దగ్గర తిత్తి ఊదే పనైనా ఇమ్మని అడిగింది. "తిత్తి ఎవరైనా ఊదుతారు తల్లీ. నువ్వు సుత్తి పట్టుకో," అన్నాడాయన. అప్పటికే ఆయన దగ్గర ఐదుగురు నేర్చుకుంటున్నారు. ఆడదేంటి, కత్తులు చెయ్యడమేంటి అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. ఆయన వింటేగా.

ఓబులమ్మ మొదటి కత్తి నీళ్ళలో ముంచగానే పగిలింది. రెండోది వంకర పోయింది. మూడోది బాగానే వచ్చింది గానీ, సంతలో ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు ఆచారి ఏం చేశాడో తెలుసా? తన వేపాకు ముద్ర కొట్టే ఉలి ఉంది చూడు, దాన్నే కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కొసన చేప బొమ్మ చెక్కి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాత తను చేసిన కత్తుల మీద కూడా శిష్యుల ముద్రలే కొట్టి, అమ్ముకోమని వాళ్ళకే ఇచ్చేసేవాడు.

"నా పేరు ముసలిదైపోయింది. నీ పేరుకింకా పాలపళ్ళు కూడా రాలేదు, దాన్ని పెంచాలిగా," అనేవాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆచారి పోయాడు. మంచివాళ్ళెందుకు పోతారని అడక్కు, నాకు తెలీదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కమ్మరి పోతే కొలిమి ఆర్పేస్తారు. పదకొండో రోజున ఆయన ముద్ర ఉన్న కత్తిని అక్కడ పెట్టి, పసుపు పూసి, మళ్ళీ నిప్పు రాజేస్తారు. కత్తి లేకపోతే కొలిమికి వారసులు లేరని పడగొట్టేస్తారు. వేరే కొలిమి పెట్టుకునే స్తోమత శిష్యుల్లో ఎవరికీ లేదు. ఇక ఏమీ రానివాళ్ళని కూర్చోబెట్టి నేర్పే చోటే ఉండదు. ఊళ్ళోవాళ్ళ పాత కత్తుల మీద వేపాకులు చూద్దామంటే, అవెప్పుడో అరిగిపోయాయి.

ఓబులమ్మ ముందు ఆచారి భార్య దగ్గరికి పరిగెత్తింది. "నా కత్తిపీట కూడా ఎవరి పెళ్ళికో ఇచ్చేశాడే తల్లీ. తిడితే నవ్వాడు. ఇప్పుడున్నది మస్తాన్ చేసింది," అని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు మస్తాన్ దగ్గరికి వెళ్ళింది. అతను అందరికంటే పాత శిష్యుడు. ఉన్న కత్తులన్నీ గోనెపట్టా మీద పరిచాడు. "వీటిల్లో ఆయనవి ఉన్నాయక్కా. కానీ అన్నిటి మీదా నా చంద్రవంకే. ఏది ఆయనదో, ఏది నాదో నాకే తెలీదు. అంత బాగా నేర్పాడు," అని బావురుమన్నాడు.

ఇక మిగిలిన ఆశ ఒక్క కత్తి. దాని సంగతి ఓబులమ్మకి మొదట్నుంచీ తెలుసు. వేపాకు ఉన్న కత్తి ఒకే ఒక్కటి మిగిలితే, ఆచారి మంచాన పడ్డప్పుడు దాన్ని ఆమెకే ఇచ్చాడు. కొత్తగా చేరిన తిరుపాలు కత్తులు సంతలో ఎవరూ కొనడం లేదని, ఆమే ఆకురాయి పెట్టి ఆ వేపాకుని అరగదీసి, తిరుపాలు ముద్ర కొట్టి ఇచ్చేసింది. ఆచారికి చెబితే, "మంచిపని చేశావు తల్లీ," అని తల నిమిరాడు. ఇప్పుడు కనీసం ఆ అరగదీసిన చోటైనా పెద్దలకి చూపిద్దామని తిరుపాలుని అడిగితే, "ఎవరు కొన్నారో గుర్తులేదమ్మా," అన్నాడు. ఓబులమ్మ తన చేతుల్ని తనే తిట్టుకుంది.

పదకొండో రోజు వచ్చింది. కులపెద్దలు గడ్డపారలతో వచ్చారు. ఓబులమ్మ బొడ్లోంచి చేప ఉలి తీసి, పసుపు పూసి, కొలిమి ముందు పెట్టింది. "ఇది ఆయన వేపాకే. కాల్చి, సాగగొట్టి నాకిచ్చాడు," అంది.

పెద్దాయన వంగి చూశాడు. చెడ్డవాడేం కాదు పాపం. "ఇది చేప కదమ్మా," అన్నాడు.

అంతే. గడ్డపార పడింది. తిత్తి తోలు ఒకరు, రాళ్ళు ఒకరు పట్టుకుపోయారు. శిష్యులు ఏడుగురూ ఏడు ఊళ్ళకి పోయారు.

ఓబులమ్మ బతికినన్నాళ్ళూ, సంతలో ఎవరి కత్తి కనబడినా అడిగి తీసుకుని తిప్పి చూసేది. పదును మీద బొటనవేలు కాసేపు ఉంచి, తిరిగి ఇచ్చేసేది. ఏది ఆయనదో ఆమెకి ఎప్పటికీ తెలీలేదు.

మన వంటింటి కత్తా? దాని మీదా ఏదో ముద్ర ఉండేది, అరిగిపోయింది. ఆయనది కావచ్చు, కాకపోవచ్చు. ఆయన పేరు మాత్రం ఇప్పుడు నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నరసాచారి. ఏదీ, ఒక్కసారి అను.

ఊఁ. ఇక కళ్ళు మూసుకో.

కథ కంచికి, కొలిమి మట్టికి,
పేరు గాలికి, పదును వంటింటికి,
నువ్వు నిద్దరకి, నేను నా చాపకి.