తిప్పక్క గీసిన గాజు

నల్లగుట్ట అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒక కెమెరా ఉండేది. వాగుకు అవతల చిరుత కాపురం. అది ఏ పొదలో పడుకుందో, ఎటు మొహం పెట్టిందో రోజూ పొద్దున్నే గుట్ట మీద నుంచి ఫొటో తీసి చూస్తే గాని మేకలూ దుప్పులూ నీళ్ళకు దిగేవి కావు. కెమెరా చిన్నదే. దానికి తగిలించే దూరపు లెన్సు మాత్రం రోకలంత పొడవు, రోలంత బరువు.

ఆ రోలును గుట్ట మీదికి మోసేది ఓబులేసు అనే గాడిద.

ఓబులేసు పనికి వెనకాడే రకం కాదు. కానీ మొన్న తొలకరికి దారిలో జారి కుడి ముందుకాలు మడత పడింది. అసలు వానలు ఇంకా రానే లేదు. ఇంకోసారి జారితే కాలు విరుగుతుంది. కాలు విరిగి వాగు పక్కన పడున్న గాడిదను చూస్తే చిరుత ఏం చేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

"మాస్టారూ, ఈ లెన్సు కాస్త తేలిక చేయించే ఉపాయం లేదా?" అని కెమెరా మాస్టరైన నక్క చెంగల్రాయుణ్ణి అడిగాడు.

"తేలిక చేస్తే అది లెన్సెలా అవుతుందోయ్? గొట్టం ఎంత పొడుగుంటే చూపు అంత దూరం!" అన్నాడు నక్క. ఆ గొట్టం వెనకాల వస్తుంటే ముందు తాను చేతులు వెనక్కి కట్టుకుని "జరగండి, జరగండి, లెన్సొస్తోంది" అని అరుచుకుంటూ నడవడం ఆయనకు ఎంత ఇష్టమో అడవికంతా తెలుసు.

ఓబులేసు కొట్టంలో దూలానికి తిప్పక్క అనే సాలీడు ఉండేది. ఆమె కిందికి జారి అతని చెవి మీద కూర్చుంది.

"ఏడుపు ఆపరా. ఆ గొట్టంలో ఏముందో ఎప్పుడైనా చూశావా?"

"ఎలుగు బుగ్గన్న సానబట్టిన గాజులు. దొడ్డువి, ఆరు."

"ఆరెందుకు? వెలుగును వంచడానికి ఒకటి, ఆ ఒకటి రంగులు చెదరగొడితే సర్దడానికి ఇంకోటి, అది చేసిన తప్పు దిద్దడానికి మరోటి. అందుకే నీ నడుం విరుగుతోంది. పొద్దున మంచు పట్టిన నా గూడు మీద ఎండ పడితే రంగులు చూశావు కదా?"

"చూశాను. తిన్నాను కూడా ఒకసారి, గడ్డితో పాటు."

"తెలుసు, ఆ గూడు నాదే. సన్నటి గీతలు దగ్గర దగ్గరగా ఉంటే వెలుగు వాటి దగ్గర వంగుతుంది. చదువుకున్నవాళ్ళు దానికి వివర్తనమని పెద్ద పేరు పెట్టారట. పలుచని గాజు మీద వలయాలు వలయాలుగా గీస్తాను, అంచుకు పోయేకొద్దీ ఇంకా దగ్గరగా. మామూలు గాజు నీలాన్ని ఎక్కువ వంచుతుంది, నా గీతలు ఎరుపును ఎక్కువ వంచుతాయి. రెంటినీ జత చేస్తే ఒకదాని పెడసరం ఇంకోటి విరిచేస్తుంది. బుగ్గన్నది ఒక్క పలుచని గాజు, నాది ఒకటి. అంతే. లెన్సు కొబ్బరిచిప్పంత అవుతుంది."

"లోపమేమీ లేదా అక్కా?"

"ఎందుకు లేదు? సూర్యుడికి ఎదురుగా పెడితే ఫొటోలో వలయాలు కనిపిస్తాయి. అది ఇంకా సర్దాలి. ముందు ముందు సర్దుతారు. చిరుత ఉండేది పడమటి గట్టున, మనం తీసేది పొద్దున. నీకేం బాధ?"

తిప్పక్క ఇరవై రోజులు కూర్చుని మూడు వందల వలయాలు గీసింది. బుగ్గన్న దగ్గర ఒక పలుచని గాజు అడిగి తెచ్చి జత చేసి చూశారు. వాగు అవతల చిరుత మీసాలు లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించింది. నాలుగో రోజున మందకు పెద్ద దిక్కైన దుప్పి పెద్దమ్మ ముందు పరీక్ష అని ఖాయమైంది.

ఆ మాట విని చెంగల్రాయుడు కొట్టానికి వచ్చాడు. "ఓబులేసన్నా, శుభం! నీ కాలు బాగుపడితే నాకంటే సంతోషించేదెవరు? ఆ గీతల గాజు ఇటివ్వు, కెమెరాకు అమర్చి సిద్ధం చేస్తాను. ఈ కొట్టంలో దుమ్ము పడితే ఎలా?"

ఓబులేసుకు కళ్ళు చెమర్చాయి. మాస్టారు తన కాలు గురించి అడగడం అదే మొదటిసారి. తిప్పక్క వేటకు వెళ్ళింది, అడగడానికి లేదు. గాజు ఇచ్చేశాడు.

పరీక్ష నాడు అడవి అంతా గుట్ట ఎక్కింది. కొత్త లెన్సు తగిలించి, పెద్దమ్మ కెమెరాకు కన్ను ఆనించింది.

"ఏం కనిపిస్తోంది పెద్దమ్మా?" అని మేకలు అడిగాయి.

"మజ్జిగ" అంది పెద్దమ్మ. "తెల్లగా, పలుచగా."

ఒకటే నవ్వులు. ఓబులేసు చెవులు రెండూ వాలిపోయాయి.

"నేను ముందే చెప్పలేదూ?" అన్నాడు నక్క. "అప్పడంలాంటి గాజుతో చిరుతను చూస్తారట! రేపు కనిపించక నీళ్ళకు దిగితే ఎవరి పిల్ల పోతుందో? పెద్దమ్మా, ఈ వానాకాలమూ పాత లెన్సే ఉండనీ."

పెద్దమ్మ ఓబులేసు వంక జాలిగా చూసింది. "నాయనా, మందను చూసుకోవాలి కదా. రేపటి నుంచి మళ్ళీ నువ్వే మోయి."

ఓబులేసు దారి మధ్యలో కూలబడ్డాడు. "లేవను. మొన్న మీసాలు కనిపించిన గాజులో ఇవాళ మజ్జిగ ఎలా కనిపిస్తుంది? అది తేలేదాకా ఇక్కడినుంచి లేవను."

"లే, గాడిదా!"

"గాడిదనే. అందుకే లేవను."

తిప్పక్క అతని చెవి మీద నుంచి దారం వదిలి కెమెరా మీదికి దిగింది. గాజు చుట్టూ ఎనిమిది కాళ్ళతో తడిమింది. "నా గీతలేవీ? ఒక్కటీ లేదు! మూడు వందలు గీశాను!"

"గీతలా?" నక్క పగలబడి నవ్వాడు. "దీని మీద ఎప్పుడూ ఒక్క గీత లేదు. సాలెపురుగు కల కన్నట్టుంది. నేను తీసుకున్నప్పుడే నున్నగా ఉంది!"

గుంపు వెనకాల నుంచి గుర్రుమని పెద్ద చప్పుడు వినిపించింది. ఎలుగు బుగ్గన్న అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"నున్నగా ఉందా? ఏం మాటలు మాస్టారూ అవి? మూడు రోజులు తిండి మానేసి ఎర్రమట్టీ నీళ్ళూ పోసి రుద్దింది ఎవరు? 'పాపం తిప్పక్క చేయి తిరగక గాజంతా గీతలు పెట్టింది, నలుగురిలో దాని పరువు పోతుంది, గుట్టుగా నునుపు చెయ్యి బుగ్గన్నా' అని బతిమాలింది ఎవరు? ఇదిగో నా అరచెయ్యి, వెంట్రుకలు ఊడిపోయాయి! మూడు వందలకు మూడు వందలూ తీసేశాను. ఈ చుట్టుపక్కల అంత నున్నటి పని ఇంకెవడైనా చేస్తాడా? నా కష్టాన్ని లేదంటావా?"

అప్పటిదాకా నవ్విన మేకలన్నీ నక్క వైపు తిరిగాయి. బుగ్గన్నకు మాత్రం ఇంకా అర్థం కాలేదు. తన పనిని ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూశాడు.

"బుగ్గన్నా" అంది తిప్పక్క నీరసంగా, "ఆ గీతలే లెన్సు."

ఎలుగు నోరు తెరిచాడు. గాజును చూశాడు, అరచేతిని చూసుకున్నాడు, తర్వాత నక్కను చూశాడు. నక్క అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎక్కడికి మాస్టారూ?" అంది పెద్దమ్మ. "తిప్పక్కా, మళ్ళీ గీయడానికి ఎన్నాళ్ళు?"

"ఇరవై రోజులు. బుగ్గన్న నా దరిదాపులకు రాకపోతే."

"సరే. చిరుత ఇరవై రోజులు ఆగదు. పాత లెన్సు రోజూ గుట్ట ఎక్కాల్సిందే. ఓబులేసు కాలు బాగాలేదు. చెంగల్రాయుడి కాళ్ళు నాలుగూ బాగున్నాయి."

ఆ మర్నాడు ఓబులేసు ఖాళీ వీపుతో కుంటుకుంటూ గుట్ట ఎక్కాడు. ఇంత తేలిగ్గా ఎక్కింది ఎప్పుడో గుర్తు చేసుకోబోయి, గుర్తు రాక, దారిలో గరిక తిన్నాడు. కింద మలుపులో రోలంత లెన్సు కింద నుంచి తోక ఒక్కటి కనిపిస్తోంది.

"ఓబులేసన్నా" అని ఆ తోక దగ్గర నుంచి గొంతు వచ్చింది, "ఇంకా ఎంత దూరం?"

"మీరే అన్నారు కదా మాస్టారూ, గొట్టం పొడుగుంటే దూరం చూడొచ్చని. చూసుకోండి."

తెలియని గీతను చెరిపే ముందు, అది గీసినవారిని ఒక్క మాట అడగాలి.