అత్తగారి ఒళ్ళో ఎర్ర సిలిండరు

పొద్దున్న తొమ్మిదయింది. రాత్రి వాన పడి వెలిసింది. ఎండ పల్చగా ఉంది. గాలి మాత్రం ఎటు తోస్తే అటు కొడుతోంది.

ఒక్క మాట ముందే చెప్తాను. మా వీధిలో తెలివైన ఇల్లంటే మాదే. ఎవరేం చెప్పినా, చెప్పింది చెప్పినట్టే చేస్తాం మేం. సగం విని, మిగతా సగం సొంతంగా ఊహించుకునే వాళ్ళని చూస్తే మా అత్తగారికి జాలి.

మా ఆయన ఈ వయసులో కారు నేర్చుకుంటున్నారు. నేర్పేది గవర్రాజు మాస్టారు. "రేపు కారు మీరే మైదానానికి తెండి. మీ అబ్బాయికి లైసెన్సుంది కదా, పక్కన కూర్చోబెట్టుకోండి" అన్నారాయన. అన్నాక, దార్లో బండికి నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో, బండిలో ఏవేవి ఉంచుకోవాలో సాయంత్రమంతా కూర్చుని చెప్పారు. మా ఆయన, అత్తగారు, మా అబ్బాయి అప్పలనర్సు, నేను, నలుగురం చెవులప్పగించి విన్నాం. నాకు నర్సు ఒక్కడే. కారు వచ్చినా రాకపోయినా, వాడు క్షేమంగా ఇంటికొస్తే చాలనుకున్నాను.

ఇంజను వేడెక్కకుండా చూసుకోమన్నారు కదా, దానికి అత్తగారే ఉపాయం చేశారు. పొద్దున్నే గోనెసంచి తడిపి, బానెట్టు ఎత్తించి, ఇంజను మీద కప్పారు. జ్వరమొచ్చినవాడి నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టు.

"మంటలార్పే సిలిండరు అందరి చేతికీ అందేలా ఉండాలన్నారు" అన్నారు మా ఆయన. అందరికీ అందే చోటు కారులో ఒక్కటే, వెనక సీటు మధ్యన అత్తగారి ఒడి.

"దొర్లకుండా బిగించమన్నారు" అన్నాడు నర్సు.

అంతే. అత్తగారి సీటు బెల్టు తీసి సిలిండరుకి పెట్టాం. ఆవిడ చేతిలో చీపురు కూడా ఉంది.

"చీపురెందుకమ్మా?"

"మంట మీద చీపురుతో ఊడ్చినట్టు అటూ ఇటూ కొట్టాలన్నాడు కదరా మీ మాస్టారు! చీపురు లేకుండా ఎలా ఊడుస్తావు? బుర్రుండాలి."

నిజమే. ఆవిడ లేకపోతే మర్చిపోయేవాళ్ళం.

కారు కదిలింది. వీధి మలుపులో మేక అడ్డొచ్చింది. ఆగాం. "బండి ఆగితే వెనకొచ్చేవాళ్ళకి తెలిసేలా యాభై అడుగుల దూరంలో త్రికోణం పెట్టాలి" అని నర్సు ఆ ఎర్ర త్రికోణం పట్టుకుని దిగాడు. కొలుచుకుంటూ వెళ్ళి పెట్టాడు. ఈలోపు మేక పోయింది. మళ్ళీ తెచ్చాడు, ఎక్కాడు. గుంత దగ్గర ఆగాం. దిగాడు. అరటిపళ్ళ బండి దగ్గర ఆగాం. దిగాడు.

"నాన్నా, ఇలా దిగి ఎక్కడం కంటే వెనకాలే నడుచుకుంటూ వస్తాను. నువ్వెప్పుడు ఆగినా త్రికోణం అక్కడే ఉంటుంది."

"మరి నా పక్కన లైసెన్సుండాలి కదరా?"

"ఉంటుంది" అని లైసెన్సు తీసి ముందు సీటు మీద పెట్టాడు.

వాడి తెలివికి నాకు కళ్ళు చెమర్చాయి.

ఇంకేముంది! ముందు మా కారు. వెనక త్రికోణం పట్టుకుని నర్సు. వాడి వెనక ఆటోలు, బస్సు, హారన్ల మోత.

"ఏటి బాబూ, ఊరేగింపా? ముందెళ్తున్నది దేవుడేటి?" అని ఆటోవాడు అరిచాడు.

"దేవుడు కాదు. మా నాన్న" అన్నాడు నర్సు.

అలా వెనక్కి తిరిగి జవాబు చెప్పడంలో రాయి తగిలి బొటనవేలు చిట్లింది. వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి మందుల పెట్టె తీశాను.

"అత్యవసరమైతేనే తెరవాలన్నారు" అన్నారు మా ఆయన.

"రక్తం కారుతోందండీ!"

"వాడు ఏడవట్లేదు కదే. అత్యవసరమైతే ఏడుస్తాడు. ఏరా, ఏడవరా."

నర్సు ప్రయత్నించాడు. నవ్వొచ్చింది. అత్తగారు వెనకనుంచి చెయ్యి చాపి తొడపాశం పెట్టారు.

"అమ్మో!"

"ఇప్పుడు తెరువు."

గాయమైన కాలు కదలకుండా కట్టాలి కదా. కారు కదిలితే కాలూ కదులుతుంది. అంతే, ఉన్న గుడ్డంతా చుట్టి కాలిని సీటు కమ్మీకి కట్టేశాం. ముళ్ళు అత్తగారు వేశారు. ఆవిడ ముడి వేస్తే ఊడదు.

కాస్త దూరం వెళ్ళామో లేదో బానెట్టు సందుల్లోంచి పొగ. గోనెసంచి ఆరిపోయి కాలుతోంది. మా ఆయన మాస్టారు చెప్పినట్టే కారు పక్కకి ఆపారు, ఇంజను కట్టేశారు, "దిగండి, దూరం పొండి!" అన్నారు. దిగాం. ఆయన సిలిండరు పట్టుకున్నారు. అత్తగారు చీపురు, మందుల పెట్టె పట్టుకుని పరిగెత్తారు.

నర్సు దిగలేదు.

"అమ్మా, నా కాలు!"

నేను కారు వైపు వెళ్ళబోయాను. మా ఆయన రెక్క పట్టుకున్నారు. "సామాన్ల కోసం వెనక్కి వెళ్ళకూడదన్నారే!"

"వాడు సామానాండీ?"

ఆయన ఆలోచించారు. "సీటుకి కట్టాం కదా మరి" అన్నారు మెల్లగా.

విదిలించుకుని వెళ్ళాను. ముడి రాలేదు. కత్తెర పెట్టెలో ఉంది, పెట్టె అత్తగారితో పోయింది. పొగ కళ్ళలోకొచ్చింది. వాడి చంకల కింద చేతులు వేసి లాగాను. తుప్పు పట్టిన బోల్టులు. సీటు కూడా వచ్చేసింది. నర్సు, సీటు, నేను రోడ్డు మీద పడ్డాం.

ఆసరికి ఓ లారీ డ్రైవరు బండి ఆపి పరిగెత్తుకొచ్చాడు. "సిలిండరు సంకనెట్టుకుని సూస్తావేటి బాబూ, కొట్టు!"

"మంట ఏదీ? ఇది మంటలార్పేది. పొగలార్పేది కాదు."

"ఒరే, నా దగ్గర అగ్గిపెట్టుంది, వెలిగించనా?" అన్నారు అత్తగారు.

అవసరం లేకపోయింది. మంటే వచ్చింది.

"గాలి వీపుకి తగిలేలా నిలబడాలి" అంటూ మా ఆయన పిన్ను లాగి మీట నొక్కారు. గాలి తిరిగింది. ఆయనా తిరిగారు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ తిరిగారు. మీట మాత్రం వదల్లేదు. తెల్లపొడి లారీ డ్రైవరు మొహాన, అత్తగారి జుట్టున, నర్సు నెత్తిన, దారిన పోతున్న గేదె మీద. పడిన పొడిని పడినట్టే అత్తగారు చీపురుతో ఊడ్చేస్తున్నారు. నేను ఆయన్ని రెండు భుజాలూ పట్టుకుని కారు వైపు తిప్పాను. బుస్సుమంది. మంట ఆరింది.

"ఆరిందని దగ్గరికి పోకూడదు. దూరంగా ఉండాలి, ఎవర్నీ ఉండనివ్వకూడదు" అన్నారాయన.

"ఎంత దూరం?"

"అది చెప్పలేదే."

చెప్పనప్పుడు ఎక్కువే మంచిది. నడిచాం. ఎక్కడాగాలో ఎవరికీ తెలీదు. నర్సు కాలికి కట్టిన సీటు చంకన పెట్టుకుని కుంటుతున్నాడు. ఇంతాచేసి కారు పెద్ద దూరం పోలేదేమో, ఇల్లొచ్చేసింది.

అందరి మొహాలూ తెల్లగా ఒక్కలాగే ఉన్నాయి. తడిమి తడిమి లెక్కపెట్టాను. చీపురున్నది అత్తగారు. సిలిండరున్నది మా ఆయన. సీటున్నది నర్సు. వాడి చెయ్యి పట్టుకున్నాను, వదల్లేదు. నేను. ఇంకొకరున్నారు.

"ఎవరు బాబూ?"

"లారీ డ్రైవర్నమ్మా. కళ్ళలో పొడి పడి ఏటీ కనపడ్డం లేదు. ఈ సిలిండరు బాబు చెయ్యట్టుకుని రా రా అంటే లారీ కాడికే అనుకున్నాను. కాసిన్ని నీళ్ళొయ్యమ్మా, ఎల్లిపోతాను. లారీ రోడ్డు మధ్యనుంది."

"ఎక్కడికెళ్తావయ్యా? అక్కడ నిప్పంటుకుంది!" అని మా ఆయన గేటుకి తాళం వేసేశారు.

నేను అతని కళ్ళు కడిగి, మళ్ళీ మొదట్నుంచీ లెక్క చూసుకున్నాను.

వెళ్ళింది నలుగురం. క్షేమంగా ఇంటికొచ్చింది ఐదుగురం.