చలివేంద్రం నీళ్ళు బాగున్నాయా?

ఎండలు ముదిరితే చాలు, ఎర్రకొండ అడవిలో చలివేంద్రం వెలిసేది. కొండమీది ఊట ఏనుగు పెద్దమ్మది. ఆవిడ ఊట నుంచి కాలువ తీయించి, కింద రాతి తొట్టిలోకి నీళ్ళు వదిలింది. వచ్చినవాళ్ళకి నీళ్ళందేలా చూసుకునే పని జంబులయ్య అనే నక్కకి ఒప్పజెప్పింది. జంబులయ్య మీసాలు దువ్వుకుని తొట్టి పక్కన నిలబడితే, ఆ నీళ్ళన్నీ వాళ్ళ తాత తవ్వించినట్టే ఉండేది.

ఎండాకాలం గడిచేదాకా ఏనుగుల మంద నదివైపు వెళ్ళాలి. పోయేముందు పెద్దమ్మ చలివేంద్రం చూడ్డానికి దిగింది. బాగా నడుస్తుంటే ఊట మొత్తం నక్క చేతిలో పెట్టి పోదామని ఆవిడ ఆలోచన. ఆ మాట విన్నప్పటి నుంచీ సింగారి అనే గోరింక తొట్టి చుట్టూనే తిరుగుతోంది. దాని స్నేహితురాలు కుందేలు దూదమ్మ పిల్లలు ఆ తొట్టి నీళ్ళు తాగాకే మంచం పట్టారు మరి. ఇక నక్కే దిక్కయితే ఆ పసివాళ్ళు దక్కరని సింగారి బెంగ.

పెద్దమ్మ తొట్టి దగ్గర ఆగి, పైకి తేటగానే ఉన్న నీళ్ళు చూసి అడిగింది. "ఏమే దూదమ్మా, నీళ్ళు బాగున్నాయా?"

"చల్లగా ఉన్నాయమ్మా. అంతా జంబులయ్యగారి దయ," అంది దూదమ్మ, నక్క కాళ్ళకేసి చూస్తూ.

జింకని అడిగినా అదే మాట, అడవిపందిని అడిగినా అదే మాట. పోసిన నీళ్ళకి వంక పెడితే పాపమని ఆ అడవిలో అందరికీ చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. పైగా రేపు మళ్ళీ అదే తొట్టికి రావాలి కదా.

సింగారి ఎగిరి పెద్దమ్మ చెవి మీద వాలింది. "పెద్దమ్మా, దూదమ్మ పిల్లలు ఒళ్ళు తెలియకుండా పడున్నారు."

"మరి బాగున్నాయంటుందేమే? తాగేవాళ్ళే మెచ్చుకుంటుంటే నీ మాట పట్టుకుని నేనేం చెయ్యను?"

"నక్కని ఎదురుగా పెట్టుకుని అడిగితే మీరైనా ఏం చెబుతారు?"

"నాకేం భయమే, నేను ఏనుగుని."

"అదే కదమ్మా వచ్చిన చిక్కు. అది కుందేలు."

పెద్దమ్మ కాసేపు చెవులాడించి, లేత వెదురు తెమ్మని నక్కని పురమాయించింది. నక్క అటు వెళ్ళగానే దూదమ్మని మళ్ళీ అడిగింది. అయినా అది "బాగున్నాయమ్మా" అనే అంది.

"మీరుండండి పెద్దమ్మా," అని సింగారి కిందికి దిగింది. "నీ సంగతి అలా ఉంచు దూదమ్మా. ముళ్ళపంది వదిన ఈ మధ్య ఇటు తొంగి చూడ్డం లేదేం?"

దూదమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎలా వస్తుంది పాపం? ఈ పాడు నీళ్ళు తాగి వాళ్ళ చంటిదానికి విరేచనాలు. పొద్దస్తమానం ఏడుస్తోంది పిచ్చితల్లి."

సింగారి జింక దగ్గరికెళ్ళి దూదమ్మ పిల్లల సంగతి అడిగింది. జింక చుట్టూ చూసి గొంతు తగ్గించి, పూసగుచ్చినట్టు అంతా చెప్పింది. అడవిపందిని జింక గురించి అడిగితే ఇంకా ఎక్కువే చెప్పింది. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకోలేదు కానీ, పక్కవాళ్ళ బాధ ఒక్కటీ దాచలేదు. పెద్దమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంతలో నక్క వెదురు ఈడ్చుకుంటూ వచ్చింది. పెద్దమ్మ నిలదీస్తే మూతి ముడుచుకుంది.

"చాడీలమ్మా. ఒకరంటే ఒకరికి పడదు వీళ్ళకి. రుజువుంటే చూపించమనండి."

సింగారికి భలే ఉత్సాహం వచ్చింది. మెల్లగా నక్క ముందు వాలింది. "జంబులయ్య మావా, నువ్వలాంటివాడివి కాదులే. కానీ నీ అంత తెలివైనవాడు ఈ అడవిలో లేడు. రేపు ఎవడైనా దుర్మార్గుడు ఇలాంటి పనిలో దొంగతనం చెయ్యాలంటే ఎలా చేస్తాడంటావు?"

నక్క మీసం మెలేసింది. తెలివి గురించి అడిగితే దానికి ఒళ్ళు తెలియదు.

"అదేమంత పనే పిచ్చిదానా. కాలువకి ఒక రాయి అడ్డం పెడితే చాలు, ఊట నీళ్ళు సొంత దోసపాదులకి పోతాయి. తొట్టిలోకి బర్రెల మడుగు నీళ్ళు మళ్ళిస్తే సరి. తాగే వెర్రిబాగులాళ్ళకి ఏం తెలుస్తుంది?"

"అబ్బో. రాయి ఎవరికైనా కనబడదూ?"

"తంగేడు పొదల వెనక పెడితే ఎవడికి కనబడుతుంది?"

పెద్దమ్మ నేరుగా తంగేడు పొదల వెనక్కి నడిచింది. అక్కడ రాయీ ఉంది, దాని పక్కన పచ్చగా కాసిన దోసపాదులూ ఉన్నాయి. ఒక్క తన్నుతో రాయి ఎగిరిపోయింది. మడుగు నీళ్ళ దారి మూసేసి, తొట్టి కడిగేసరికి ఊట నీళ్ళు గలగలా దూకాయి. దూదమ్మ పరుగున పోయి పిల్లల్ని తెచ్చుకుంది. చల్లటి నీళ్ళు నాలుక్కి తగిలాక చిన్నది కళ్ళు తెరిచి, ఇంకా కావాలని పేచీ పెట్టింది. సింగారి ఆనందం పట్టలేక తొట్టి చుట్టూ గంతులేసింది.

"ఇక ఈ తొట్టి దూదమ్మ చూసుకుంటుంది," అని పెద్దమ్మ దోసపాదుల్లో దిగి కాయలు కరకరా నమలసాగింది.

"అమ్మా, నేనేదో మాటవరసకి అన్నానమ్మా," అని నక్క గగ్గోలు పెట్టింది.

"నేనూ మాటవరసకే తింటున్నానురా," అంది పెద్దమ్మ, ఇంకో కాయ తుంచుతూ.

సాయం అందుకున్నవాళ్ళ మనసు తెలియాలంటే, ముందు వాళ్ళు భయం లేకుండా మాట్లాడే దారి వెతకాలి.