దండ పడ్డాకే పరుగు

“వచ్చేస్తోందహో! ముంగిసమ్మ వచ్చేస్తోంది!”

వీధి చివర నుంచి కాకి కేక. అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వీధి, ఆ వీధిలో పిల్లజంతువుల బడి. కేక వినగానే బడి పెద్ద నీలయ్య మాస్టారు, నెమలి లెండి, పింఛం సర్దుకుంటూ పరుగో పరుగు! ముంగిసమ్మ పనేమిటంటారా? నిప్పంటుకుంటే, వరదొస్తే, బళ్ళో పిల్లలు బతికి బయటపడతారా లేదా అని చూడడం. అంత పెద్ద పనర్రా అది! మన మాస్టారికేమో పెళ్ళిచూపుల్లా కనిపించింది.

“నిప్పు మీద పోసే ఇసుక ఏదండీ?” అని అడిగింది ముంగిసమ్మ.

“అవిగో తొట్లు! ఉత్త ఇసుక ఏం బాగుంటుందని బంతి మొక్కలు నాటించాను.”

ముంగిసమ్మ నుదురు కొట్టుకుంది. “వెనక తలుపో?”

“తమరి కోసం వేసిన వేదిక వెనకాల ఉందమ్మా.”

“అంటే తెరుచుకోదు. సరే, గంట కొట్టండి. పిల్లలు ఎలా బయటికొస్తారో చూస్తాను.”

గంట మోగింది. పిల్లలు వసారాలో బారుగా నిలబడ్డారు. స్వాగతగీతం పాడారు. మాస్టారి కూతురు, చిట్టి నెమలి, ముంగిసమ్మ మెడలో దండ వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు, అప్పుడర్రా, మైదానంలోకి పరిగెత్తారు!

“ఎన్ని మార్కులమ్మా?” అన్నారు మాస్టారు.

“సున్నా! మంటలొస్తే వాటికీ దండ వేస్తారా మాస్టారూ?” అంటూ దండ తీసి చిట్టి చేతిలో పెట్టి, విసవిసా వెళ్ళిపోయింది.

“ఓర్వలేనిది!” అని మాస్టారు మూతి తిప్పుకుని, పిల్లల్ని మళ్ళీ గదిలో కూర్చోబెట్టారు.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, వంటపాకలోంచి ఒక నిప్పురవ్వ ఎగిరి బడి కప్పు మీద పడింది. ఎండుగడ్డి కప్పాయె, భగ్గుమంది! మాస్టారు గంట గణగణా కొట్టారు. పిల్లలు వచ్చారు. వసారాలో బారుగా నిలబడ్డారు. పాట మొదలెట్టారు!

“పరిగెత్తండర్రా!” అని మాస్టారు గొంతు చించుకున్నారు.

“పాట అవ్వలేదు మాస్టారూ!” అంది కుందేలు పిల్ల.

“దండ పడకుండా కదిలితే తోలు తీస్తానన్నావుగా నాన్నా! అతిథి ఏరీ?” అంది చిట్టి.

పైనుంచి నిప్పులు రాలుతున్నాయి.

పొగ చూసి ముంగిసమ్మ వెనక్కి ఉరికింది. వసారాలోకి దూరి మెడ చాచింది.

“ఇదిగో మెడ! వెయ్యవే తల్లీ! వేశావా? ఇక పరుగు!”

పిల్లలంతా ఒక్క ఉదుటున మైదానంలో పడ్డారు. వెనకబడ్డ తాబేలు పిల్లను ముంగిసమ్మే దొర్లించుకుంటూ తెచ్చింది. ఆ వెంటనే వసారా కప్పు కూలిపోయింది.

మాస్టారు బంతి మొక్కలు పీకి అవతల పారేశారు. కాకి, ఆయనా కలిసి ఆ ఇసుకంతా మంట మీద గుమ్మరించారు. మంట ఆరింది. అన్నం గుండిగ మాత్రం క్షేమం. పిల్లల కళ్ళన్నీ దాని మీదే.

“ఆగండి! బయటికి రావడం వచ్చాకే అన్నం,” అంది ముంగిసమ్మ. వేదిక పీకించి, వెనక తలుపు తెరిపించి, పిల్లల్ని మంట అంటని గదిలో కూర్చోబెట్టి, గంట కొట్టింది. మొదటిసారి పిల్లలు పాట ఎత్తుకున్నారు. రెండోసారి మాస్టారు వందన సమర్పణకు గొంతు సవరించుకున్నారు.

“మాస్టారూ!” అని ముంగిసమ్మ ఒక్క కసురు కసిరింది.

మూడోసారి గంట మోగింది. పాట లేదు, దండ లేదు. బిలబిలమంటూ అందరూ మైదానంలోకి వచ్చేశారు!

“మార్కులు...” అనబోయి మాస్టారు నోరు మూసుకున్నారు. మసి పట్టిన పింఛంతోనే విస్తళ్ళు వేశారు. ఇంక ముందు వరస, వెనక వరస అని లేకుండా, అందరూ కలిసి అన్నానికి కూర్చున్నారు.

నీతి: ఆపద కోసం నేర్చుకోవలసింది మెప్పు కోసం నేర్చుకుంటే, ఆపద వచ్చిన రోజున అదే కాళ్ళకు అడ్డం పడుతుంది.